విభజన చెందని కణంలో హెచ్‌.ఐ.వి. – మందు ఎందుకు మానరాదు?

హెచ్‌.ఐ.వి. సోకిన వ్యక్తి క్రమం తప్పకుండా మందులు వాడితే కొన్ని నెలలకే రక్తంలో వైరస్ పరీక్షకు అందనంత తక్కువ స్థాయికి పడిపోతుంది. తరచు వచ్చే జ్వరాలు, విరేచనాలు తగ్గుతాయి. బరువు పెరుగుతుంది. పొలం పనికో, కూలికో వెళ్ళగలిగే సత్తువ తిరిగి వస్తుంది. సరిగ్గా ఈ దశలోనే చాలామందికి ఒక సందేహం కలుగుతున్నది. ఒంట్లో వైరస్ కనబడడం లేదని పరీక్షలే చెబుతున్నప్పుడు ఇంకా రోజూ మాత్ర ఎందుకు మింగాలి?

సందేహం సహజమైనదే. టైఫాయిడ్ నయమైతే మందు ఆపుతారు. క్షయకు సైతం నెలల లెక్కన ఒక గడువు ఉన్నది. హెచ్‌.ఐ.వి. మందుకు మాత్రం గడువు లేదు. ఆపిన కొద్ది వారాలకే అత్యధికుల రక్తంలో వైరస్ మళ్ళీ ప్రత్యక్షమవుతుంది. అంటే అది ఎక్కడికీ పోలేదు, శరీరంలోనే ఎక్కడో దాగి ఉన్నదన్నమాట.

ఎక్కడ దాగి ఉన్నది? ఎలా దాగగలిగింది? ఈ ప్రశ్నలకు సమాధానం ఆ వైరస్‌కు గల ఒక విశేష గుణంలో ఉన్నది. తన జాతికి చెందిన అనేక వైరస్‌లు ప్రవేశించలేని చోట, అనగా విభజన చెందక నిలకడగా ఉండే కణాల్లో కూడా, హెచ్‌.ఐ.వి. ప్రవేశించి తన సంతతిని పెంచుకోగలదు. ఇది ఎలా సాధ్యమో తెలుసుకుంటే, మందు మానరాదన్న హెచ్చరిక వెనుక గల కారణం బోధపడుతుంది.

కణము – కేంద్రకము

మానవ శరీరం లక్షల కోట్ల కణాల సముదాయం. ఎర్ర రక్తకణాల వంటి కొన్నింటిని మినహాయిస్తే ప్రతి కణంలోనూ కేంద్రకం ఉంటుంది. తల్లిదండ్రుల నుండి సంక్రమించిన జన్యు సమాచారం దాదాపుగా అంతా డి.ఎన్‌.ఏ. రూపంలో ఈ కేంద్రకంలో భద్రంగా ఉంటుంది. దాని చుట్టూ రెండు పొరల గోడ ఉన్నది. గోడలో వందల, వేల సంఖ్యలో సూక్ష్మ రంధ్రాలు ఉన్నాయి. ఇవి ఉత్త రంధ్రాలు కావు. రాష్ట్ర సరిహద్దులోని చెక్‌పోస్టుల వంటివి. చిన్న అణువులు వాటిగుండా సులభంగా వెళ్ళిపోతాయి. పెద్ద సరుకు వెళ్ళాలంటే మాత్రం తగిన అనుమతి ఉండాలి. అనుమతి పత్రం వంటి గుర్తు గల ప్రోటీన్లను ప్రత్యేక వాహక ప్రోటీన్లు వెంటబెట్టుకొని లోపలికి తీసుకొని వెళతాయి.

శరీరంలోని కణాలన్నీ ఒకే తీరుగా జీవించవు. చర్మంలో, పేగు లోపలి పొరలో కణాలు నిత్యం విభజన చెందుతూ కొత్తవాటిని పుట్టిస్తుంటాయి. ఒక కణం రెండుగా చీలే సమయంలో కేంద్రకపు గోడ తాత్కాలికంగా కరిగిపోతుంది. విభజన ముగిసిన తరువాత రెండు కొత్త కేంద్రకాల చుట్టూ మళ్ళీ గోడ ఏర్పడుతుంది. మెదడులోని నాడీకణాలు, కణజాలాల్లో కాపలా తిరిగే మాక్రోఫేజ్ అనే భక్షక కణాలు, పాత రోగాల జ్ఞాపకాన్ని మోస్తూ విశ్రాంతిలో ఉండే టి-లింఫోసైట్లు ఈ విధంగా తరచు విభజన చెందవు. వాటిలో కేంద్రకపు గోడ కూలే సందర్భమే రాదు, వచ్చినా చాలా అరుదు.

రెట్రోవైరస్‌ల ఇబ్బంది

హెచ్‌.ఐ.వి. రెట్రోవైరస్ కుటుంబానికి చెందినది. దాని జన్యు పదార్థం డి.ఎన్‌.ఏ. కాదు, ఆర్‌.ఎన్‌.ఏ. కణంలో చేరిన తరువాత రివర్స్ ట్రాన్స్‌క్రిప్టేజ్ అనే ఎంజైము సహాయంతో ఆర్‌.ఎన్‌.ఏ.ను డి.ఎన్‌.ఏ.గా మార్చుకొంటుంది. ఈ ఎంజైమును 1970లో హోవర్డ్ టెమిన్, డేవిడ్ బాల్టిమోర్ వేరువేరుగా కనుగొన్నారు. 1975లో ఇరువురికీ నోబెల్ బహుమతి లభించింది. అలా తయారైన వైరస్ డి.ఎన్‌.ఏ.ను ఇంటిగ్రేజ్ అనే మరొక ఎంజైము మనిషి డి.ఎన్‌.ఏ.లో అతికిస్తుంది. ఈ అతుకు పడితేనే వైరస్‌కు పూర్తి స్థాయి పునరుత్పత్తి సాధ్యం.

అయితే అతుకు వేయవలసిన డి.ఎన్‌.ఏ. కేంద్రకం లోపల ఉన్నది. వైరస్ సరుకేమో గోడకు ఇవతల ఉన్నది. ఈ గోడను దాటడమెలా?

ఎలుకల్లో రక్త క్యాన్సరు కలిగించే మ్యూరైన్ లుకేమియా వైరస్ కూడా రెట్రోవైరసే. దానికి ఒకటే మార్గం. కణం విభజన చెంది గోడ కరిగే ఘడియ కోసం కాచుకొని ఉంటుంది. గోడ కరిగిన వెంటనే లోపలి డి.ఎన్‌.ఏ.ను అందుకొంటుంది. కణం విభజన చెందకపోతే దాని ప్రయత్నం నిష్ఫలం. హెచ్‌.ఐ.వి. ఇలా కాచుకొని ఉండదు. విభజన చెందని మాక్రోఫేజ్‌లలో, విభజన ఆపివేసిన ఇతర కణాల్లో కూడా అది అతుకు వేయగలదని 1990 దశకపు తొలి సంవత్సరాల్లో జరిగిన ప్రయోగాలు స్పష్టం చేశాయి. గోడ కూలకుండానే, చెక్‌పోస్టు గుండానే అది లోపలికి పోతున్నది.

ఐస్‌లాండ్ గొర్రెలు చెప్పిన కథ

ఈ గుణం ఒక్క హెచ్‌.ఐ.వి.దే కాదు. 1933లో జర్మనీ నుండి ఐస్‌లాండ్ దేశానికి కారకుల్ జాతి గొర్రెలను దిగుమతి చేసుకొన్నారు. అవి పైకి ఆరోగ్యంగానే కనిపించాయి. కొన్నేళ్ళ తరువాత స్థానిక మందల్లో ఊపిరితిత్తుల జబ్బు, కాళ్ళు పడిపోయే నరాల జబ్బు వ్యాపించాయి. వైరస్ సోకిన నాటికీ, జబ్బు బయటపడిన నాటికీ నడుమ నెలలు, సంవత్సరాలు గడిచేవి. బ్యోర్న్ సిగుర్ద్‌సన్ అనే ఐస్‌లాండ్ శాస్త్రవేత్త 1954లో ఇలాంటివాటిని ‘మంద గమన’ వ్యాధులుగా వర్ణించాడు. లాటిన్‌లో ‘లెంటస్’ అంటే నెమ్మది. ఆ గొర్రెల వైరస్ తరగతికి లెంటివైరస్ అన్న పేరు అలా వచ్చినదే.

ఆ గొర్రెల వైరస్‌కు ప్రధాన నివాసం మాక్రోఫేజ్ కణాలు. 1983లో పారిస్‌లోని పాశ్చర్ సంస్థలో ఫ్రాంస్వాజ్ బారే-సినూసి, లూక్ మోంటాన్యే బృందం వేరుచేసిన హెచ్‌.ఐ.వి. కూడా ఈ లెంటివైరస్ తరగతికే చెందినదని తేలింది. వారిద్దరికీ 2008లో నోబెల్ లభించింది. విభజన లేని కణంలో తిష్ఠ వేయడం, ఏళ్ళ తరబడి నెమ్మదిగా దెబ్బతీయడం ఈ తరగతి స్వభావంగా గుర్తించవచ్చు.

అనుమతి పత్రం ఏది?

హెచ్‌.ఐ.వి. ఏ ఆధారంతో చెక్‌పోస్టు దాటుతున్నదన్న ప్రశ్న శాస్త్రవేత్తలను చాలాకాలం వేధించింది. వైరస్‌లోని మ్యాట్రిక్స్ ప్రోటీను, వి.పి.ఆర్‌. ప్రోటీను, ఇంటిగ్రేజ్, వైరస్ డి.ఎన్‌.ఏ. మధ్యభాగంలోని ఒక ప్రత్యేక నిర్మాణం – వీటిలో ఒక్కొక్కదానిని ఒక్కొక్క కాలంలో అనుమానించారు. కానీ వాటిని తొలగించినా, మార్చినా వైరస్ విభజన లేని కణంలోకి ఎంతో కొంత చేరుతూనే వచ్చింది.

2004లో అమెరికాలోని సియాటిల్ నగరానికి చెందిన యమషిత, ఎమర్మన్ అనే పరిశోధకులు ఒక కీలకమైన ప్రయోగం చేశారు. హెచ్‌.ఐ.వి.లోని క్యాప్సిడ్ ప్రోటీను స్థానంలో ఎలుకల వైరస్ తాలూకు ప్రోటీనును చేర్చారు. ఆ మార్పుతో హెచ్‌.ఐ.వి.కి విభజన లేని కణాల్లో చొరబడే శక్తి పోయింది. దీనిని బట్టి అసలు అనుమతి పత్రం క్యాప్సిడ్‌లోనే ఉన్నదని తెలిసింది.

క్యాప్సిడ్ అంటే వైరస్ జన్యు పదార్థాన్ని కప్పి ఉంచే గుల్ల. శంకువు ఆకారంలో, ఒక కొస లావుగా, మరొక కొస సన్నగా ఉంటుంది. ఒకే రకం ప్రోటీను ప్రతులు సుమారు 1500 చేరి ఈ గుల్లను నిర్మిస్తాయి. ఆరేసి ప్రతులు కలిసిన షడ్భుజులు దాదాపు 250, అయిదేసి కలిసిన పంచభుజులు సరిగ్గా 12. ఈ 12 పంచభుజుల మూలంగానే గుల్ల వంపు తిరిగి మూతపడుతుంది. దాని లోపల రెండు ఆర్‌.ఎన్‌.ఏ. ప్రతులు, రివర్స్ ట్రాన్స్‌క్రిప్టేజ్, ఇంటిగ్రేజ్ ఉంటాయి.

ఈ గుల్ల కణంలోకి రాగానే విచ్చిపోతుందని పాఠ్యపుస్తకాలు చాలాకాలం బోధించాయి. అలా భావించడానికి కారణం లేకపోలేదు. గుల్ల లావు కొస వెడల్పు సుమారు 60 నానోమీటర్లు. నానోమీటరు అంటే మిల్లీమీటరులో పది లక్షలవ వంతు. కేంద్రక రంధ్రం లోపలి వెడల్పు సుమారు 40 నానోమీటర్లని అప్పటి అంచనా. 40 వెడల్పు ద్వారంలో 60 వెడల్పు వస్తువు పట్టదు కదా! కాబట్టి గుల్ల బయటనే విచ్చిపోవాలని తీర్మానించారు.

2021లో జర్మనీలోని హైడెల్‌బర్గ్ పరిశోధకులు కణాన్ని చెక్కుచెదరకుండా ఘనీభవింపజేసి ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శినితో పరిశీలించారు. కణం లోపల ఉన్నప్పుడు రంధ్రం వెడల్పు 60 నానోమీటర్లకు పైగా ఉన్నది. కణం నుండి వేరుచేసిన పొరల్లో అది కుంచించుకొని కనిపిస్తుంది. అంతేకాదు, పూర్తి గుల్ల సన్నని కొసను ముందుంచుకొని రంధ్రంలో దూరుతున్న దృశ్యం కూడా వారికి చిక్కింది. గుల్ల కేంద్రకంలోకి చేరిన తరువాతనే విచ్చుకొంటున్నదని, డి.ఎన్‌.ఏ. తయారీ అక్కడే పూర్తవుతున్నదని 2020 ప్రాంతంలో వెలువడిన మరికొన్ని పరిశోధనలు తెలిపాయి.

ఇక రంధ్రంలోని కాపలా సంగతి. రంధ్రం నడుమ వదులైన దారాల వంటి ప్రోటీన్లు చిక్కగా అల్లుకొని ఉంటాయి. పరాయి సరుకును అవి అడ్డుకొంటాయి. వాహక ప్రోటీన్లు మాత్రం ఆ దారాలకు తాత్కాలికంగా అంటుకొంటూ, విడివడుతూ లోపలికి జారిపోతాయి. హెచ్‌.ఐ.వి. గుల్ల ఉపరితలం మీద సరిగ్గా అలాంటి దారాలను పట్టుకొనే గుంటలే ఉన్నాయి. వాహక ప్రోటీను అవసరం లేకుండా గుల్ల తానే వాహకంలా నటిస్తూ రంధ్రాన్ని దాటుతున్నదని 2024లో అమెరికా, ఆస్ట్రేలియా శాస్త్రవేత్తలు వేరువేరుగా ప్రకటించారు. ఒక్క మాటలో చెప్పాలంటే, చెక్‌పోస్టు సిబ్బంది దుస్తులు ధరించి చెక్‌పోస్టును దాటడమే.

ముడిసరుకు కొరత

గోడ దాటినంత మాత్రాన వైరస్ పని పూర్తికాదు. డి.ఎన్‌.ఏ. తయారుచేయడానికి న్యూక్లియోటైడ్లు అనే ముడిసరుకు కావాలి. విభజన చెందే కణం తన డి.ఎన్‌.ఏ.ను రెట్టింపు చేసుకోవాలి కనుక ఈ సరుకును సమృద్ధిగా నిల్వ ఉంచుకొంటుంది. విభజన చెందని కణానికి ఆ అవసరం లేదు. పైగా శామ్‌హెచ్‌డి1 అనే ప్రోటీను ఉన్న సరుకును కూడా విరగగొట్టివేస్తుంది. వైరస్‌లను ఎదుర్కొనడంలో ఈ ప్రోటీను పాత్ర 2011లో వెల్లడైంది.

పశ్చిమ ఆఫ్రికాలో ఎక్కువగా కనిపించే హెచ్‌.ఐ.వి.-2 అనే సోదర వైరస్ ఈ ప్రోటీనును నాశనం చేసే ఆయుధాన్ని వెంట తెచ్చుకొంటుంది. ప్రపంచమంతటా వ్యాపించిన హెచ్‌.ఐ.వి.-1కు ఆ ఆయుధం లేదు. దాని బలం వేరు. ముడిసరుకు అతి స్వల్పంగా ఉన్నా పని సాగించగల సామర్థ్యం దాని రివర్స్ ట్రాన్స్‌క్రిప్టేజ్‌కు ఉన్నది. అందువల్ల మాక్రోఫేజ్‌లో పని ఆలస్యం అవుతుందే కాని ఆగిపోదు.

లోపల చేరిన తరువాత

వైరస్ డి.ఎన్‌.ఏ. ఒకసారి మనిషి డి.ఎన్‌.ఏ.లో అతుక్కొన్న తరువాత అది ఆ కణపు సొంత జన్యువులలో ఒకటిగా మారిపోతుంది. ఇక్కడి నుండి కణాన్ని బట్టి కథ రెండు విధాలుగా నడుస్తుంది.

మాక్రోఫేజ్ విభజన చెందకపోయినా చురుకైన కణం. అది వైరస్ జన్యువును చదివి కొత్త వైరస్‌లను తయారుచేస్తుంది. టి-కణాల వలె త్వరగా నశించదు. కొత్త వైరస్‌లలో చాలా భాగం కణం లోపలి గదుల వంటి చోట్లలో పోగవుతాయి. మెదడులో ఇదే వర్గానికి చెందిన మైక్రోగ్లియా కణాలు ఉన్నాయి. చికిత్స లేనివారిలో మతిమరుపు, ఆలోచన మందగించడం వంటి లక్షణాలకు ఈ కణాల్లోని వైరస్ ఒక ముఖ్య కారణం.

విశ్రాంత టి-కణం కథ మరొక విధం. అటువంటి కణంలోకి వైరస్ నేరుగా చొరబడడం కష్టమే. సాధారణంగా చురుకుగా ఉన్న టి-కణానికి వైరస్ సోకుతుంది. అలాంటి కణాల్లో అత్యధిక భాగం నశిస్తాయి. ఏ కొన్నో మాత్రం బ్రతికి బయటపడి, వైరస్ జన్యువుతో సహా విశ్రాంతిలోకి జారుకొంటాయి. విశ్రాంతిలో ఉన్న కణం వైరస్ జన్యువును చదవదు. వైరస్ ప్రోటీన్లు తయారు కావు. అందుచేత రోగనిరోధక వ్యవస్థకు ఆ కణం మామూలు కణంలాగే కనబడుతుంది. పది లక్షల విశ్రాంత కణాల్లో పునరుత్పత్తి చేయగల వైరస్ దాగిన కణం సుమారు ఒకటి ఉండవచ్చు. వెదకి పట్టుకోవడం ఎంత కష్టమో ఊహించవచ్చు.

ఈ రహస్య నిల్వల ఉనికిని 1997లో పలు బృందాలు నిరూపించాయి. చికిత్సలో ఉన్నవారిలో నిల్వ సగానికి తగ్గడానికి సుమారు 44 నెలలు పడుతున్నదని అమెరికాలోని జాన్స్ హాప్‌కిన్స్ విశ్వవిద్యాలయ పరిశోధకులు లెక్కగట్టారు. ఆ వేగంతో నిల్వ పూర్తిగా తరిగిపోవడానికి 70 ఏళ్ళకు పైగా కావాలి. పైగా ఇలాంటి కణం ఎప్పుడైనా మేల్కొని విభజన చెందితే దాగిన వైరస్ జన్యువు కూడా రెండు ప్రతులవుతుంది. మనిషి ఆయుష్షు చాలదని వేరుగా చెప్పనవసరం లేదు.

మందులు ఏమి చేస్తాయి, ఏమి చేయవు

మన దేశంలో ప్రస్తుతం తొలి చికిత్సగా ఇస్తున్న మాత్రలో టెనోఫోవిర్, లామివుడిన్, డోలుటెగ్రావిర్ అనే మూడు మందులు ఉన్నాయి. మొదటి రెండు ఆర్‌.ఎన్‌.ఏ. నుండి డి.ఎన్‌.ఏ. తయారు కాకుండా అడ్డుకొంటాయి. మూడవది డి.ఎన్‌.ఏ. అతుకు పడకుండా ఆపుతుంది. కాబట్టి కొత్త కణాలకు వైరస్ సోకదు. రక్తంలో వైరస్ కనబడదు. ఆ స్థితి నిలకడగా ఉన్నంతకాలం లైంగిక సంబంధం ద్వారా భాగస్వామికి వైరస్ సంక్రమించదని కూడా విస్తృత పరిశోధనలు రుజువు చేశాయి. ఇది సామాన్యమైన మేలు కాదు.

అయితే ఇదివరకే అతుకు పడిన చోట ఈ మందులకు పని లేదు. నిద్రలో ఉన్న కణాన్ని అవి తాకలేవు. మందు మానిన రోజుల్లో అలాంటి ఒక్క కణం మేల్కొన్నా చాలు, దాని నుండి వెలువడిన వైరస్‌లకు అడ్డు ఉండదు. ఒకనాడు మింగుతూ ఒకనాడు మానుతూ ఉంటే ప్రమాదం రెట్టింపు. రక్తంలో మందు అరకొరగా ఉన్నప్పుడు పుట్టే వైరస్‌లలో మందుకు లొంగనివి పైచేయి సాధిస్తాయి. ఎముక మజ్జ మార్పిడితో వైరస్ నిల్వను వదిలించుకొన్నవారు ప్రపంచంలో లేకపోలేదు. వారిలో మొదటివాడు తిమోతీ రే బ్రౌన్. అయితే అతనికి ఆ చికిత్స చేసినది ప్రాణాంతకమైన రక్త క్యాన్సరు కోసం. అందరికీ అనుసరించదగిన మార్గం కాదది.

వైరస్ బలమే దాని బలహీనత

గుల్ల గురించి తెలిసిన విజ్ఞానం వృథా పోలేదు. దారాలను పట్టుకొనే గుల్ల గుంటలోనే చేరి కూర్చొనే లెనకపావిర్ అనే మందు తయారైంది. అది చేరితే గుల్ల బిగుసుకొని పెళుసవుతుంది, కేంద్రకంలోకి దారి దొరకదు, కొత్త గుల్లలు సక్రమంగా ఏర్పడవు. ఇతర మందులకు లొంగని వైరస్ గలవారి కోసం అమెరికాలో 2022 డిసెంబరులో దీనికి అనుమతి లభించింది. వైరస్ సోకకుండా ముందు జాగ్రత్తగా ఆరు నెలలకొకసారి వేసే సూదిమందుగా 2025 జూన్‌లో అనుమతించారు. అంతకు ముందు దక్షిణాఫ్రికా, ఉగాండా దేశాల్లో ఈ సూది వేయించుకొన్న 2134 మంది యువతులలో ఒక్కరికి కూడా వైరస్ సోకలేదని 2024లో వెల్లడైంది.

దీనిని చౌకగా తయారుచేసే అనుమతి పొందిన సంస్థలలో హైదరాబాదుకు చెందిన డాక్టర్ రెడ్డీస్, హెటిరో ఉండడం తెలుగువారికి గర్వకారణం. 2027 నుండి 120 దేశాలకు మనిషికి ఏడాదికి సుమారు 40 డాలర్లకే అందించే ఒప్పందాలను 2025 సెప్టెంబరులో ప్రకటించారు. అయితే ఈ మందు కూడా దాగిన నిల్వను తుడిచివేసేది కాదు. సోకకుండా కాపాడుతుంది, సోకినవారిలో ఇతర మందులకు తోడుగా పనిచేస్తుంది.

అదే గుణాన్ని వైద్యులు మరొక విధంగా కూడా ఉపయోగించుకొంటున్నారు. జబ్బు కలిగించే జన్యువులను తొలగించిన లెంటివైరస్, తరచు విభజన చెందని కణంలోకి మంచి జన్యువును మోసుకుపోయే బండిగా పనికివస్తున్నది. సరిహద్దు జిల్లాల తెలుగువారికి చిరపరిచితమైన వెల్లూరు క్రైస్తవ వైద్య కళాశాలలో తీవ్రమైన హీమోఫీలియా గల అయిదుగురికి ఈ పద్ధతిలో చికిత్స చేశారు. దాని ఫలితాలు 2024 డిసెంబరులో ప్రచురితమయ్యాయి.

గుర్తుంచుకోవలసినది

ప్రభుత్వం ఉచిత చికిత్సను 2004 ఏప్రిల్ 1న ఆరంభించినప్పుడు ఎంపిక చేసిన రాష్ట్రాలలో ఆంధ్రప్రదేశ్, కర్ణాటక, తమిళనాడు, మహారాష్ట్ర ఉన్నాయి. పని కోసం ఈ రాష్ట్రాల నడుమ రాకపోకలు సాగించే కుటుంబాలు అసంఖ్యాకం. మందు ఆగిపోయే ప్రమాదం ఊరు మారినప్పుడే ఎక్కువ. ఒక ఎ.ఆర్‌.టి. కేంద్రంలో నమోదైనవారు మరొక రాష్ట్రంలోని కేంద్రానికి చికిత్సను బదిలీ చేయించుకోవచ్చు. బయలుదేరే ముందే ఆ పత్రం తీసుకోవడం, దారి ఖర్చుతో పాటు సరిపడా మాత్రలు వెంట ఉంచుకోవడం మరువరాదు. సందేహాలుంటే 1097 నంబరుకు ఉచితంగా ఫోను చేయవచ్చు. రోగి వివరాలు గోప్యంగా ఉంచాలని, వివక్ష చూపరాదని 2017 నాటి చట్టం స్పష్టంగా చెబుతున్నది.

పరీక్షలో ‘వైరస్ కనబడలేదు’ అని వచ్చిందంటే వైరస్ లేదని అర్థం కాదు. మందు పనిచేస్తున్నదని అర్థం. కేంద్రకపు గోడ దాటి, మన జన్యువుల నడుమ చేరి నిద్రించే వైరస్‌ను లేపి తరిమే మందు ఇంకా రాలేదు. అది వచ్చేవరకు, నిద్ర లేచిన వైరస్‌ను గడప దాటనివ్వకుండా కాపలా కాసేది రోజూ వేళకు మింగే మాత్ర.